గంగలో వదిలిన పోపు

ఏమే మాలూ, పప్పు చప్పగా ఉందని కంచంలో సగం అన్నం వదిలేసి లేచిపోయావట. మీ అత్త చెప్పింది. ఎవరూ రాకముందే నీ అంతట నువ్వే వడ్డించేసుకోవడం, పైగా వంక పెట్టడం. మీ తాతయ్యని చూసి నేర్చుకో. ఏం పెట్టినా 'బాగుంది' తప్ప ఇంకో మాట అనడు. సరేలే, మూతి ముడవకు. ఇలా దగ్గరికి జరుగు. కాళ్ళు చల్లగా ఉన్నాయి నీవి, దుప్పట్లో పెట్టుకో. చప్పటి పప్పు కథ ఒకటుంది, చెప్తాను. ఊఁ కొడుతూ ఉండాలి మరి. నీ ఊఁ ఆగితే నా కథా ఆగుతుంది.

అనగనగా, అనగా అనగా, గోదారి పాయ దాటితే వచ్చే ఒక ఊళ్ళో పేరిందేవి అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఒక మొగుడు, ఒక కొడుకు, ఒక కోడలు. మొగుడి పేరు వీరభద్రయ్య. కోడలి పేరు వరాలు. కొడుకు పేరు మనకక్కర్లేదు, వాడు కథలో పెద్దగా ఏమీ చెయ్యడు.

పేరిందేవి పోపు వేసిందంటే వీధి చివర ఉన్నవాళ్ళు తుమ్మేవారు. తుమ్మి, "పేరిందేవి పప్పు దింపింది, మనమూ పీటలు వాల్చుకుందాం" అనేవారు. నూనె కాగాక ఆవాలు, అవి చిటపటలాడాక మినప్పప్పు, ఆ తర్వాత జీలకర్ర, ఎండుమిరపకాయ, కరివేపాకు, ఆఖర్న చిటికెడు ఇంగువ. ఆవిడకి నగలక్కర్లేదు, చీరలక్కర్లేదు. ఆ పోపు గరిటె పప్పులో ముంచగానే 'సుయ్' మంటుంది చూడూ, ఆ చప్పుడు వింటే చాలు, మనసు నిండిపోయేది.

మరి మొగుడో? మంచివాడే. నోరే మంచిది కాదు. వంక పెట్టకుండా ముద్ద మింగి ఎరగడు. ఒకరోజు ఉప్పు ఒక పలుకు ఎక్కువైందనేవాడు. ఇంకోరోజు మినప్పప్పు మాడిందనేవాడు. ఏ వంకా దొరకనిరోజు అన్నం వేడిగా ఉందనేవాడు. అన్నం వేడిగా కాక ఇంకెలా ఉంటుంది చెప్పు. పేరిందేవి నోరెత్తేది కాదు. మర్నాడు కూరలో ఇంకో రెండు మిరపకాయలు పడేసేది, అంతే.

అలా ఉండగా ఒక ఏడాది కోతలు అయిపోయాక ఊళ్ళోవాళ్ళు కొందరు కాశీకి బయల్దేరారు. వీళ్ళిద్దరూ వాళ్ళతో కలిసి రైలెక్కారు.

కాశీకి వెళ్ళినవాళ్ళు ఏదో ఒకటి గంగలో వదిలేసి రావాలే. పారెయ్యడం కాదు. ఒక కాయో, ఒక పండో, ఇంక జన్మలో తిననని గంగమ్మకి మాటిచ్చి రావడం. ఇష్టమైనదే వదలాలి, అదీ పద్ధతి. అయితే మనుషులు గడుసువాళ్ళు కదా. వీళ్ళతో వచ్చిన ఒకావిడ కాకరకాయ వదిలేసింది. జన్మలో దాన్ని నోట పెట్టింది లేదు. ఇంకొకాయన సీమరేగు పండు వదిలేశాడు. అదెలా ఉంటుందో ఆయనకే తెలీదు. పేరిందేవి అలాంటిది కాదు. చిక్కుడుకాయ వదలనా, పనసపండు వదలనా అని గంగ ఒడ్డున మెట్ల మీద కూర్చుని నిజంగా ఆలోచిస్తోంది.

ఆవిడ అలా ఆలోచిస్తూ ఉండగానే, స్నానానికి దిగిన వీరభద్రయ్య కాలు పాచి మీద జారింది.

జారి, మనిషి నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. ఇప్పటిదాకా కనబడుతున్న తల ఇప్పుడు లేదు. పేరిందేవికి గుండె ఆగినంత పనయింది. అప్పుడు మనసులోనే చేతులు జోడించింది. "గంగమ్మా, ఆయన్ని నాకిచ్చెయ్యి. నాకు ప్రాణమైన పోపు నీకిచ్చేస్తాను. మళ్ళీ నా ఇంట్లో పోపు చప్పుడు వినబడదు" అంది.

అలా అందో లేదో, నీళ్ళలోంచి ఒక చెయ్యి లేచింది. మెట్లకి కట్టిన ఇనపగొలుసు ఆ చేతికి దొరికింది. ఆ తర్వాత తల, ఆ తర్వాత భుజాలు. నలుగురూ పట్టి పైకి లాగారు. మొహంలో నెత్తురు చుక్క లేదు ఆయనకి. మొక్కు సంగతి ఈవిడ చెప్పలేదు. చెబితే, 'నా ప్రాణం సంగతి నేను చూసుకుంటాను, నువ్వు పోపు వెయ్యి' అనే రకం ఆయన.

ఊఁ కొట్టవేం? భయమేసిందా? బతికాడు కదే, ఇంకెందుకు భయం. అసలు భయం ముందుంది.

ఇంటికి రాగానే పేరిందేవి చేసిన మొదటి పని, పోపులపెట్టె తీసి అటక మీద పెట్టించడం. వరాలు నిచ్చెన మీద నిలబడి, పెట్టె చేతిలో పట్టుకుని, అత్తగారి మొహం చూస్తూ ఉండిపోయింది. ఆవకాయ ఉందిగా అంటావేమో. ఆవకాయలో ఉండేదీ ఆవపిండేగా, మళ్ళీ ఎందుకొచ్చిన అనుమానమని జాడీలు రెండూ పక్కింటికి పంపించేసింది. ఆవకాయ జాడీ ఇంట్లోంచి నడిచి వెళ్ళిపోతుంటే ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. కాశీలో ఈవిడకి ఎండదెబ్బ తగిలిందన్నారు.

మధ్యాహ్నం వీరభద్రయ్య పీట మీద కూర్చున్నాడు. ఉడకబెట్టిన పప్పు, ఉడకబెట్టిన ఆనపకాయ, కాగబెట్టిన చారు. ఉప్పుంది, కారముంది, పులుపుంది. పోపు లేదు. అంతే తేడా. కానీ ముద్ద నోట్లో పెట్టుకుంటే తడిపిన గోడ నాకినట్టుంది. కొడుకు మొదటి ముద్దకే ఆగిపోయాడు. ఇవాళ కంచం వీధిలో పడుతుందని వరాలు వంటింటి తలుపు వెనక్కి వెళ్ళి నిలబడింది. పేరిందేవి కళ్ళు మూసుకుంది.

వీరభద్రయ్య ముద్ద మింగాడు. మింగి, "బాగుంది" అన్నాడు.

వరాలు నోరు వెళ్ళబెట్టింది. కొడుకు చేతిలో ముద్ద కంచంలో పడింది. పేరిందేవి కళ్ళు తెరిచి మొగుణ్ణి కొత్తగా చూసింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

అప్పటి నుంచి రోజూ అదే కూడు, రోజూ అదే మాట. కొడుకు దొంగ. ఊళ్ళో కాఫీ హోటల్లో ఇడ్లీలు తినేసి వచ్చి, ఆకలి లేదనేవాడు. వరాలు మాత్రం తక్కువదా? తమ ఇంట్లోంచి వెళ్ళిన ఆవకాయనే పెరటి గోడ మీంచి పక్కింటివాళ్ళు అందిస్తుంటే తెచ్చుకు తినేది. ముసలాయన మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు, ఏమీ అనలేదు. 'బాగుంది' అంటూ నాలుగు ముద్దలు తినేవాడు. ఆ తర్వాత మూడు తిన్నాడు. ఆ తర్వాత రెండు. దండకడియం భుజం మీంచి జారి మోచేతి దగ్గరికి వచ్చింది. వైద్యుణ్ణి పిలిపిస్తే నాడి పట్టుకుని, "రోగం లేదు. ఒంట్లోకి అన్నం వెళ్ళడం లేదు. ఇలాగే ఉంటే మనిషి దక్కడు" అని వెళ్ళిపోయాడు.

చూశావా, గంగ వదిలిపెట్టిన మనిషిని చప్పిడి కూడు తినేస్తోంది.

అప్పుడు వరాలికి మొండితనం వచ్చింది. మామయ్యగారికి రుచిగా ఇంత పెట్టి తీరాలనుకుంది. అత్తగారి మొక్కు సంగతి దానికి తెలీదు కదా. పక్కింటికి వెళ్ళి, వాళ్ళ పొయ్యి మీద పోపు వేసి, ఆ గరిటె మీద మూత పెట్టి, పైటకొంగు కప్పి తెచ్చి మామగారి చారులో కలిపేసింది. ఆయన ఒక గుక్క తాగాడు. పోపు తిని ఎన్నాళ్ళైందో, ఆ ఘాటుకి పొలమారింది. దగ్గీ దగ్గీ కళ్ళు తేలేశాడు.

పేరిందేవి పరుగెత్తుకొచ్చింది. గిన్నెలో చూస్తే చారు మీద ఆవగింజ తేలుతోంది. చారు తీసుకెళ్ళి పెరట్లో పారబోసి, కోడలి చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్ళింది. "నా పసుపు కుంకాలతో ఆడుకుంటున్నావా వరాలూ" అని, గంగలో జరిగినదంతా చెప్పింది. చెబుతూ ఏడ్చింది. "ఆయనకి చెప్పావో, నా మీద ఒట్టే" అంది. పోపు వేస్తే మనిషి పోతాడని అత్తకి భయం. వెయ్యకపోతే పోతాడని కోడలికి భయం. ఇంక ఎటు కదుల్తారు చెప్పు?

ఆ తర్వాత వరాలు ఇంకోటి ఆలోచించింది. పోపు వద్దు. పోపు లేకుండా రుచి తెస్తే గంగమ్మ ఏమంటుంది? వంకాయని నిప్పుల మీద కాల్చి, తోలు తీసి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, చింతపండు వేసి చేత్తో మెదిపింది. నూనె చుక్క లేదు, ఆవగింజ లేదు. అత్తగారు కూడా చూసి, సరే అని తలూపింది. ఆ కాల్చిన వాసనకి వీధిలో పోయేవాళ్ళు ఆగారు. వీరభద్రయ్య కళ్ళు మెరిశాయి. ఆ పచ్చడి మీద చెయ్యి వెయ్యబోయాడు కూడా. అప్పుడు ఏం గుర్తొచ్చిందో, పేరిందేవి వైపు చూశాడు. చూసి చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

"ఇది వద్దమ్మా. మీ అత్తయ్య వండిన పప్పు చాలు నాకు" అన్నాడు.

వరాలు నిర్ఘాంతపోయింది. నోరూరుతోంది ఆయనకి, పెదవులు చూస్తే తెలుస్తోంది. ఊరే నోరు కట్టుకుని, పచ్చడి పక్కకి నెట్టి, ఆ చప్పటి పప్పు తింటున్నాడు. పేరిందేవికీ ఏమీ అర్థం కాలేదు. ఆ రాత్రి ఆయన ఒక్క ముద్దే తిన్నాడు. మర్నాడు పీట మీంచి లేవడానికి కొడుకు చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

ఊఁ. ఇదిగో, వరాలు మూడోసారి ఏం చేసిందో వింటే నువ్వూ నోరు తెరుస్తావు.

ఒకరోజు పేరిందేవికి నడుం పట్టేసింది. మంచం దిగలేకపోయింది. వంట వరాలి చేతికి వచ్చింది. అప్పుడు వరాలు ఏమనుకుందో తెలుసా? ఎంత చప్పగా పెడితే ఈయనకి కోపం వస్తుందో చూద్దాం అనుకుంది. ఒక్కసారి నోరు తెరిచి 'చప్పగా ఉంది' అంటే చాలు, అత్తయ్య మనసు అదే కరుగుతుంది అనుకుంది. ఉత్త పప్పు ఉడకబెట్టింది. ఉప్పు లేదు, కారం లేదు, పసుపు కూడా లేదు. చారు పేరు చెప్పి వేడినీళ్ళు పెట్టింది. వడ్డించి పక్కన నిలబడింది. ఎవరు వండారో చెప్పలేదు, ఆయనా అడగలేదు.

వీరభద్రయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది లోపలికి దిగడం లేదు. గ్లాసుడు నీళ్ళు తాగి దింపాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎలా ఉంది మామయ్యగారూ?" అంది వరాలు.

"బాగుందమ్మా" అన్నాడు.

గోడ పట్టుకుని మెల్లగా వచ్చిన పేరిందేవి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. కన్నీళ్ళు పెట్టుకుంటూ బాగుందనడం ఏమిటని, గిన్నెలో పప్పు వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. ఆవిడ మొహం పాలిపోయింది. ఉప్పు ఒక్క పలుకు ఎక్కువైతే పట్టేసే మనిషి, అసలు ఉప్పే లేని పప్పు బాగుందంటున్నాడు. మనిషి మతి పోయిందనుకుంది.

"ఏమండీ, ఇది మీకు బాగుందా?"

"నీ వంటకేం, బాగుంది."

"నేను వండలేదండీ. కోడలు వండింది."

వీరభద్రయ్య ముద్ద కంచంలో పెట్టేశాడు. "నువ్వు వండలేదా?" అన్నాడు. లేదంది. "నిజంగా?" అన్నాడు. నిజంగానే అంది.

అప్పుడు చూడాలి. "ఇది పప్పా?" అని మొదలుపెట్టాడు. "గేదె కూడా మూతి పెట్టదు దీనికి. ఉప్పేది? పులుపేది? ఈ చారేమిటి, కాళ్ళు కడుక్కోమని పెట్టారా?" అని పాత గొంతుతో, పాత వేగంతో, గోదారికి వరద వచ్చినట్టు తిట్టాడు. పక్కింటివాళ్ళు గోడ దగ్గరికి వచ్చేశారు. వరాలికి తిట్టు తిట్టుకీ ప్రాణం లేచొస్తోంది. పేరిందేవి మాత్రం ఆయన కంచం పక్కకి జరిపింది.

"మరి ఇన్నాళ్ళూ నా వంట మీద ఒక్క మాట అనలేదేం?" అంది.

ఆయన తల దించుకున్నాడు. "అనకూడదు. గంగలో వదిలేశాను" అన్నాడు.

ఏం వదిలేశాడో తెలుసా? కాలు జారి నీళ్ళలోకి వెళ్ళిపోయాడే, అప్పుడు ఊపిరాడక కొట్టుకుంటూ, గంగమ్మకి మాటిచ్చాడట. 'బతికి బయటపడితే ఇంక నా భార్య వంటకి వంక పెట్టను తల్లీ. పాపం, దాన్ని రోజూ ఏడిపించాను' అనుకున్నాడట. అనుకోగానే చేతికి గొలుసు తగిలిందట. వంకాయ పచ్చడి బాగుందంటే పేరిందేవి పప్పు బాగోలేదన్నట్టే కదా, అందుకే దాన్నీ ముట్టలేదు. హోటలుకి వెళ్ళి తిన్నా అంతేగా. చప్పగా ఉందన్నరోజు తన ప్రాణం పోతుందని ఆయన భయం.

పేరిందేవి ఆయన పక్కనే కూర్చుంది. అప్పుడు తన పోపు సంగతి చెప్పింది. ఒకే గడియలో, నీళ్ళ పైన ఈవిడ ఒకటి వదిలేసింది, నీళ్ళ కింద ఆయన ఇంకోటి వదిలేశాడు. ఆవిడ మొక్కు ఆయన్ని తిననివ్వలేదు. ఆయన మొక్కు ఆయన్ని అడగనివ్వలేదు.

"నీ చేతికి వయసొచ్చింది, పోపు మరిచిపోయావనుకున్నానే" అన్నాడు ఆయన. "మొక్కుతోపాటు జాలీ వేసి నోరు కట్టుకున్నాను."

ఆ మాటకి పేరిందేవికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. తన చెయ్యి పోపు మరుస్తుందా? ఆ కోపంలో ఆవిడకి ఒక సంగతి తట్టింది. గంగమ్మకి ఇవ్వాల్సింది తన ముద్ద. మొగుడి ముద్దా, కొడుకు ముద్దా, కోడలి ముద్దా తనవా, తీసుకెళ్ళి ఇచ్చెయ్యడానికి? ఇంటిల్లిపాదిదీ పట్టుకెళ్ళి ధారపోసి, అది తన మొక్కని చెప్పుకుంటోంది.

"వరాలూ, అటక ఎక్కు. పెట్టె దింపు" అంది.

ఉప్పు వేసిన పప్పు మళ్ళీ ఉడికింది. పేరిందేవి ముందు తన వంతు ఒక చిన్న కంచుగిన్నెలోకి తీసి పక్కన పెట్టుకుంది. అప్పుడు గరిటె పొయ్యి మీద పెట్టింది. నూనె కాగింది. ఆవాలు గుప్పిట్లోనే ఉన్నాయి. తీసి వెయ్యలేకపోతోంది. వేశాక ఆయనకి ఏమన్నా అయితే? కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మా, తప్పయితే నన్ను పట్టుకో, ఆయన్ని వదిలెయ్యి" అని పేరిందేవి గుప్పిట విప్పేసింది.

ఆవాలు చిటపటలాడాయి.

అందరూ వెనక్కి తిరిగి పీట వైపు చూశారు. వీరభద్రయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. కదల్లేదు. పేరిందేవి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అప్పుడు ఆయన ముక్కు కదిలింది, పెదవి కదిలింది, ఇల్లదిరేలా ఒక తుమ్ము తుమ్మాడు. వీధి చివర ఎవరో కూడా తుమ్మారు.

ఆయన తిన్నాడు. ఎలా ఉందని ఎవరూ అడగలేదు. అడిగినా బాగుందనే అంటాడు, ఆయన మొక్కు ఆయనకుంది. కంచం ఖాళీ చేసి, ముందుకి జరిపి, "ఇంకొంచెం మారు వడ్డించు" అన్నాడు. అలా అడగడం కాశీ నుంచి వచ్చాక అదే మొదలు. పేరిందేవి వడ్డించి, తన చిన్నగిన్నె తెచ్చుకుని ఆయన ఎదురుగానే కూర్చుని తింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో అదే పద్ధతి. ఆవిడ వంతు ముందు తీసేస్తారు, ఆ తర్వాతే పోపు వేస్తారు.

ఏమే, ఏమిటలా లేచి కూర్చున్నావు? ఏమిటీ? మన వంటింట్లో మూలనున్న చిన్న కంచుగిన్నె ఎవరిదా? దాంట్లోది కదూ నువ్వు ఇవాళ వడ్డించుకున్నది, అడక్కుండా. అందుకే నేను మజ్జిగతో తిని లేచాను. అవును, నేను ఎప్పుడూ అదే తింటాను. నాకలవాటే. వెళ్ళి తాతయ్యని లేపి అడుగుతానంటావేం? వద్దు, నిద్రపోనీ. ఆయన గుర్రు వినబడుతోందా? ఆ గుర్రు వినబడితేనే నాకు నిద్ర పడుతుంది. రేపు మీ అత్త నీకు పోపు వేసిన పప్పే పెడుతుందిలే. అలా నన్ను పట్టుకుని ఏడవకు పిచ్చిదానా, అదేమంత చప్పగా ఉండదు. కళ్ళు మూసుకో.

కథ కాస్తా కంచికి,
కమ్మని పోపు తాతకి,
చప్పటి గిన్నె అమ్మమ్మకి,
మనమిద్దరం నిద్దట్లోకి.